చూపులేని దొంగ

'దీపం వెలుగుతోంది' అన్న వాక్యాన్ని కోడలు మళ్లీ కొట్టేసింది. కుక్కర్ దింపివచ్చి, తడిచేతులు తుడుచుకుని, తిరిగి కంప్యూటర్ ముందు కూర్చుంది.

బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచే ఆన్‌లైన్ ఆట అది. అందులోని గదులనూ వీధులనూ వర్ణించడం ఆమె ఉద్యోగం. ఏళ్ల తరబడి ఎవరొచ్చినా ఒకే సత్రం, ఒకే దీపం. ఇప్పుడు చూసేవారిని బట్టి గది మారాలన్నారు కంపెనీవాళ్లు. సైనికుడికి ముందు తలుపు గడియ కనిపించాలి, ఆకలితో వచ్చినవాడికి పొయ్యి.

టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో గొంతులు వింటూ ఉద్యోగమంతా గడిపిన అత్తగారికి ఇప్పుడు చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే ఆమె కూడా ఆడుతుంది. ఆటలో ఆమె చూపులేని దొంగ.

"ఇన్నాళ్లూ బుద్ధిగానే బతికాను. ఇక్కడైనా నాలుగు దొంగతనాలు చెయ్యనీ అమ్మాయ్."

మొన్న ఆట ఆవిడకు కూడా దీపం వెలుగుతోందనే చెప్పింది. "నాకెవరు వెలిగించారే?" అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కోడలి మనసులో ముల్లులా ఉండిపోయింది.

"రండి అత్తయ్యా, వినండి."

కంప్యూటర్ చదివింది: "తడి ఉన్ని వాసన. కుడివైపు ఎవరిదో గురక. గురక ఆగినప్పుడల్లా తాళంచెవుల గలగల."

అత్తగారు కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "వాడి మొలలోనే ఉన్నాయి," అంది, నిద్రపోయేవాడు లేస్తాడేమో అన్నంత మెల్లగా. తడుముకోకుండా మీటలు నొక్కింది. తాళాలు చేజిక్కాయి.

ఆటలో అదే గదిలో ఉన్న ఇంకో ఆటగాడు వాపోయాడు: "తాళాలు ఎక్కడ? నాకు దీపం తప్ప ఏమీ కనిపించట్లేదు."

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. కోడలి ఒళ్లు పులకరించింది. ఇద్దరికీ చెరో సత్రం చూపించింది తను!

"బయట వీధి కూడా రాసెయ్యి. ఆగలేను," అంటూ అత్తగారు తన గదిలోకి వెళ్లి, మంచం మీది ల్యాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది.

కోడలు అన్నం మాటే మరిచిపోయింది. వానలో తడిసే వీధి రాసింది. చినుకు రేకు మీద పడితే ఒక చప్పుడు, పెంకు మీద పడితే ఇంకొకటి. ఆ తేడాతోనే ఏ ఇల్లు ఎక్కడుందో తెలిసిపోవాలి. వేళ్లు ఆలోచనను అందుకోలేకపోతున్నాయి.

"సత్రం తలుపు తీశాను అత్తయ్యా. వెళ్లండి."

"వెళ్తున్నా," అంది లోపలి నుంచి ఆ గొంతు, చిన్నపిల్ల హుషారుతో.

ఎలా ఉందో అడుగుదామని టీ పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ గోడకు ఆనుకుని ఉంది. తల ఒక పక్కకు వాలింది. పెదాల మీద నవ్వు ఇంకా పోలేదు. కోడలు పిలిచింది. చెయ్యి పట్టుకుని కదిపింది. మళ్లీ పిలిచింది.

దిండు మీదికి జారిన హెడ్‌ఫోన్లు సన్నగా చెబుతూనే ఉన్నాయి: "ఎడమవైపు రేకు మీద వాన. ముందుకు దారి ఉంది."