జోస్యం మేడమ్

బస్ డిపో మూడో అంతస్తు చివరి గదిలో ఆమె ఒక్కతే కూర్చునేది. కొత్త కంప్యూటర్ ప్రోగ్రాము ప్రారంభోత్సవం నాడు అక్కడ నాలుగు కుర్చీలుండేవి. ఫొటోలు దిగాక ఇద్దరు పెద్దాఫీసుకు వెళ్లిపోయారు, ఇంకొకతను ఉద్యోగమే మారాడు. ఏ బస్సు ఎప్పుడు దారిలో మొరాయిస్తుందో ముందే చెప్పే ఆ ప్రోగ్రామును ఆమె ఏడాదిపాటు ఒళ్లు వంచి తయారుచేసింది. రోజూ పొద్దున్నే పది బస్సుల జాబితా షెడ్డులోని కంప్యూటరుకు వెళ్లేది. కింద మెకానిక్కులు ఆమెకు ‘జోస్యం మేడమ్’ అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గానీ, ఆ పేరుతోనైనా పిలిచి పలకరించినవాళ్లు లేరు.

జాబితాను ఎందరు తెరిచారో ఆమెకు కనబడేది. రోజూ ఒక్కరు. ఎవరో ఒకరైనా చూస్తున్నారు కదా అని వారం రోజులు ప్రాణం తేలికపడింది. సరిగ్గా వెళ్లిందో లేదో చూసుకునే తానే ఆ ఒక్కరినని ఎనిమిదో రోజు తెలిసింది. ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

మర్నాడు మెట్లు దిగి షెడ్డులోకి వెళ్లింది. ముప్పయ్యేళ్లుగా అక్కడే ఉన్న మేస్త్రి ఒక బస్సు కింద పడుకుని పనిచేస్తున్నాడు.

“మేస్త్రిగారూ, నా జాబితా ఎందుకు చూడరు?”

“ప్రారంభోత్సవం రోజు చూశానమ్మా. బండి నంబరుంది. దేనికి విప్పాలో లేదు. బండంతా విప్పితే మళ్లీ బిగించేదెవరు, మీరొస్తారా?”

“ఎక్కువగా బ్రేకులే పోతున్నాయని రికార్డుల్లో ఉంది కదండీ.”

అతను బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. “రిపేరు ఎక్కించేటప్పుడు కంప్యూటర్లో కారణాల వరసలో మొట్టమొదట ఉండేది బ్రేకులే. మా చేతులకేమో గ్రీజు. కిందిదాకా ఎవడు వెతుకుతాడు? ఏది పాడైనా దాన్నే నొక్కేస్తాం.”

ఆమె ప్రోగ్రామంతా ఆ రికార్డులను నమ్మి రాసిందే. ఏడాది కష్టం నీళ్లపాలైంది. పైకెళ్లి పెద్దసారుకు ఉన్నదున్నట్టు చెప్పింది.

“పని చేస్తోందనే పైకి రాసేశాం. ఇప్పుడు కెలక్కండి,” అన్నాడాయన.

అడిగేవాళ్లు లేకపోవడం ఒకందుకు మంచిదే అయింది. రోజూ షెడ్డుకు వెళ్లి, విప్పిన ప్రతి బస్సు దగ్గరా నిలబడి, అసలేం పాడైందో పుస్తకంలో రాసుకునేది. ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. టీ అందరికీ వచ్చేది, ఆమెకు తప్ప. నాలుగు నెలలకు గానీ మేస్త్రి, “క్లచ్చి ప్లేటు. రాసుకో తల్లీ,” అని తనంతట తాను చెప్పలేదు.

ఏడో నెలలో కొత్త చీటీ తయారైంది. మూడే బస్సులు, పక్కన దేనికి విప్పాలో ఒక్క ముక్క. పెద్దక్షరాలతో రాసి షెడ్డు గోడకు అంటించింది. మొదటి రోజు రెండు తప్పాయి. మూడోది కొండదారిలో తిరిగే బస్సు, స్టీరింగు చూడమని రాసింది. మేస్త్రి విప్పి, అరిగిపోయిన కీలును ఆమె అరచేతిలో పెట్టాడు.

“ఇంకో గంటలో కొండెక్కేది. నలభైమందితో,” అన్నాడు.

ఆ రోజునుంచి చీటీ కోసం గోడ దగ్గర ఎదురుచూసేవారు. తప్పినవాటి పక్కన మేస్త్రి పెన్సిలుతో సరైన కారణం రాసేవాడు. దారిలో ఆగే బస్సులు సగానికి తగ్గాయి. పెద్దాఫీసులో సభ పెట్టి ప్రోగ్రామును పొగిడారట. ఆమెను పిలవలేదు. ఊరవతలి డిపోలో కూడా మొదలుపెట్టమని ఉత్తర్వు మాత్రం వచ్చింది, వారం గడువుతో.

“అక్కడివాళ్లు నాలుగు రోజులు మాట్లాడరేమో. మనసులో పెట్టుకోకు,” అన్నాడు మేస్త్రి.

“ఇక్కడ నాలుగు నెలలు మాట్లాడలేదు కదండీ.”



సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఆమె కీలు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. “నీ పని నాకు అర్థం కాదే. తిన్నావా?” అంది అక్క. తిన్నానంది.

సోమవారం కొత్త డిపోలో ఎవరూ తలెత్తి చూడలేదు. విప్పిన బస్సుల మధ్య ఎవరికీ అడ్డం రాని చోటు చూసుకుని నిలబడి, ఆమె పుస్తకం తెరిచింది.