కడిగేసిన ముఖాలు

దైవాశీర్వాదం సింక్‌లోంచి ఫిల్మ్ ముక్క తీసి బల్బుకు ఎదురుగా పట్టుకున్నాడు. బొమ్మ లేదు. ఉత్త ప్లాస్టిక్. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. ప్రింట్లు అడుగున ముద్దయిపోయాయి. గదంతా బ్లీచ్ ఘాటు.

కాసేపట్లో ఎడ్డీ తల్లి ఒహాయో నుంచి వస్తుంది, కొడుకు ఫోటో కోసం. పోయిన నెల చనిపోయిన ఎడ్డీ ముఖం ఈ లోకంలో మిగిలింది అతను ఫిల్ములు దాచుకున్న ఈ పెట్టెలోనే.

అది 1985. జెర్సీ సిటీలో తెలుగు చర్చి పెళ్లిళ్లకు ఫోటోలు తీసే దైవాశీర్వాదం, ఆదివారం ఆరాధన కాగానే నది దాటి పాడుబడిన ఓడరేవు షెడ్లకు వెళ్లేవాడు. ఊళ్లో ఎక్కడా చోటు దొరకని స్వలింగ ప్రేమికులు ఆ కూలిన కప్పుల కింద కలుసుకునేవారు. ఎండ కాచుకునేవారు, నవ్వుకునేవారు, ఒకరి ఒళ్లో ఒకరు తలపెట్టుకుని పడుకునేవారు. అడిగి, ఒప్పుకున్నవారినే ఏళ్ల తరబడి ఫోటోలు తీశాడు. గ్యాలరీల వాళ్లు పెట్టె మూతయినా తీయలేదు. ఇప్పుడా షెడ్లను కూలుస్తున్నారు. ఆ మనుషులు ఎయిడ్స్‌తో ఒక్కొక్కరే రాలిపోతున్నారు. వారి కోసం ఏడ్చేవారు ఎందరున్నారో ఆలోచించండి!

గది తాళం పగల్లేదు. ఇంకో తాళంచెవి ఉన్న, పై అంతస్తులో ఉండే ఇంటి యజమాని ఆమోసు మీదే అతని అనుమానం. "ఆ పాపిష్టి బొమ్మలు నా ఇంట్లో ఉంచకు" అని చర్చి మెట్ల మీదే అరిచిన మనిషి. కోపంగా పైకి వెళ్లబోతూ చెత్తబుట్ట దగ్గర ఆగిపోయాడు. రబ్బరు గ్లవ్స్. తిరగేసి, ఒకదానిలో ఒకటి దూర్చి ఉన్నాయి. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు అలా విప్పుతారు.

వంటగదిలో అక్క వసంతకుమారి కూర తరుగుతోంది. ఆసుపత్రిలో ఆయా.

"నీ పనేనా అక్కా?"

"ఏంట్రా ఆ చూపు? నన్ను కొట్టేటట్టున్నావు!"

"గ్లవ్స్ చూశాను."

ఆమె కత్తిపీట పక్కన పెట్టింది. "మా వార్డులో ఎయిడ్స్ వచ్చినవాళ్లు ముట్టిన ప్లేటు కూడా బ్లీచ్‌తో క్లీన్ చేయిస్తారు. ట్రేలు గుమ్మం బయట పెట్టి పరిగెడతాం. నువ్వేమో వాళ్ల బొమ్మలు తలకింద పెట్టుకు పడుకుంటావు!"

"బొమ్మకి రోగం అంటుద్దా?"

"డాక్టర్లకే తెలీదు, నాకేం తెల్సు!"

"నేనూ వాళ్లలో ఒకణ్ణే అక్కా. నన్నూ ఆ సింక్‌లో ముంచుతావా?"

"తెలుసురా. చిన్నప్పట్నుంచీ తెలుసు. నువ్వు పోతావనేరా నా భయం" అంది.

కాలింగ్ బెల్ మోగింది.

"పైపు పగిలి ఫోటోలు తడిసిపోయాయని చెప్పరా. పరువు పోద్ది" అంది అక్క.

గుమ్మంలో ముసలావిడ. చేతిలో ఖాళీ ఫోటో ఫ్రేము. "ఇంట్లో ఉన్నవన్నీ వాడి నాన్న చించేస్తుంటే చూస్తూ కూర్చున్నాను బాబూ, ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారోనని. నీ దగ్గర ఒకటుందన్నారు."

"అమ్మా, పైపు..." అని మొదలుపెట్టాడు దైవాశీర్వాదం.

వసంతకుమారి తమ్ముణ్ణి పక్కకు జరిపింది. వచ్చీరాని ఇంగ్లీషులో, పై అంతస్తులో ఆమోసుకు కూడా వినపడేలా చెప్పింది:

"పైపు పగల్లేదమ్మా. మీ అబ్బాయి ఫోటోల్ని కడిగేసింది నేను, వసంతకుమారిని. మీ ఆయన చేత చింపించిందీ, నా చేత కడిగించిందీ ఒక్క భయమే. రోగం మీ అబ్బాయిని తీసుకుపోయింది. వాడు బతికాడన్న గుర్తును చంపింది మనం."