నాలుగో దెబ్బ

సెప్టెంబరులో, రూసె నగరంలో ప్రతి బాల్కనీ నుంచీ మిరపకాయలు కాలే వాసన వచ్చే వారంలో, జోర్నిత్సకు మనిషినని రుజువు చేసుకోమని ఉత్తరం వచ్చింది.

ఆమె ఇంటర్నెట్‌లో పోకర్ అనే పందెం పేకాట ఆడుతుంది. ఉత్తరం ఆ ఆట నడిపే కంపెనీ నుంచి. నాలుగేళ్లుగా ఆమె పేరున ఉన్న ఖాతాలో ఆడుతున్నది మనిషి కాదనీ, ఒక ప్రోగ్రామనీ అనుమానంగా ఉందని రాశారు. ఖాతా ఆపేశారు. అందులోని డబ్బు తీయడానికి లేదు. పది రోజుల్లో ఒక వీడియో పంపాలి. అందులో ముఖం, చేతులు, తెర మూడూ కనబడాలి. మొదట గదంతా తిప్పి చూపించాలి. తర్వాత డెబ్బై నిమిషాలు ఆపకుండా ఆడాలి. అంతసేపు ఆడుకోవడానికి మాత్రం ఖాతా తెరుస్తారు. గదిలోకి ఇంకెవరూ రాకూడదు. వీడియోలో కోత ఉండకూడదు. తృప్తికరంగా లేకపోతే ఖాతా మూసేస్తారు, డబ్బు జప్తు చేస్తారు.

ఉత్తరం చూసేసరికి ఆమె డాన్సు బడిలో ఉంది. అక్కడ పిల్లలు నాట్యం నేర్చుకునేటప్పుడు పియానో వాయించడం ఆమె ఉద్యోగం. ఫోను సంచిలో పెట్టి, రెండో తరగతికి వాయించి, మెట్లు దిగాక లచెజార్‌కు ఫోన్ చేసింది.

"నన్ను యంత్రం అంటున్నార్రా."

"ఎవరక్కా?"

"వాళ్లే. నాలుగేళ్లు నా దగ్గర కమిషన్ తీసుకున్నవాళ్లు."

లచెజార్ ఆమె పిన్ని కొడుకు. ఈ ఆట ఆమెకు పరిచయమైంది అతని దగ్గరే. డాన్సు బడి కొన్నాళ్లు మూతపడ్డ వసంతంలో ఆమె జీతం సగానికి కోశారు. అప్పటికి లచెజార్, మరో ముగ్గురు కలిసి బోరిసోవా వీధిలో, మూసేసిన చెప్పుల దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకుని పోకర్ ఆడుతున్నారు. పిన్ని చేసిన జున్ను రొట్టె ఇచ్చి రావడానికి వెళ్లిన జోర్నిత్స సాయంత్రం దాకా అతని వెనక కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఏంట్రా ఇది? మధ్యాహ్నం నుంచి చూస్తున్నా. వచ్చిన ముక్కలన్నీ పారేస్తున్నావు."

"అదే ఆటక్కా. పది చేతుల్లో ఎనిమిది పారెయ్యాలి."

"దానికి నలుగురు మగాళ్లు, ఒక అద్దె గదీనా?"

"మిగతా రెండింటి కోసం."

ఆమె ఇరవై యూరోలు వేసి ఖాతా తెరిచింది. వారం తిరక్కుండా పోయాయి. లచెజార్ నవ్వాడు. "మొదటి ఇరవై అందరికీ పోతుంది. రెండో ఇరవై ఎలా పోతుందో చూస్తే నువ్వేంటో తెలుస్తుంది." రెండో ఇరవై పోలేదు. పైసల పందాలు నడిచే బల్లల మీద, తెరపై ఒక్క బల్ల తెరిచి, ముక్కలు పారేస్తూ ఆ వేసవి గడిపింది. తర్వాత రెండు బల్లలు. తర్వాత నాలుగు.

ఆ గదిలో ఒక నియమం ఉండేది. ఒక బల్ల దగ్గర కూర్చోవడానికి ఎంత కావాలో, దానికి ముప్ఫై రెట్లు ఖాతాలో ఉంటేనే ఆ మెట్టు ఎక్కాలి. తగ్గితే దిగాలి. "ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడు, దిగడం రావాలి," అనేవాడు లచెజార్. ఆ నలుగురిలో ఇద్దరు దిగలేక ఆట మానేశారు. జోర్నిత్స మొదటి ఏడాదిలో మూడుసార్లు దిగి, మూడుసార్లు ఎక్కింది. శనివారాల్లో అందరూ పోయిన చేతుల్ని తెర మీద పెట్టి తర్కించుకునేవారు. ఎంత పోయిందని ఎవరూ అడగరు. ఎందుకు ఆడావని మాత్రం అడుగుతారు.

అలాంటి ఒక శనివారం లచెజార్ ఆమె తెరకు వీపు పెట్టి కూర్చున్నాడు. పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ, ఆమె మౌస్ నొక్కే చప్పుడు మాత్రం విన్నాడు.

"ఇప్పుడు మంచి ముక్కలు," అన్నాడు. నిజమే.

"ఇప్పుడు చెత్త. ఇప్పుడు కూడా చెత్తే, కానీ బెదిరిద్దామని చూస్తున్నావు."

అదీ నిజమే.

"నీకెలా తెలుసురా?"

"మంచివి వస్తే టక్కున నొక్కుతావు. అబద్ధమాడేటప్పుడు ఆలోచిస్తావు. నాకే తెలిసిందంటే, అవతల కూర్చుని డబ్బు తీసుకుపోయేవాడికి తెలీదా?"

జోర్నిత్స ఆ రోజు ఇంటికి వెళ్లి, తన పియానో మీదున్న మెట్రోనోమ్ తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టింది. అదొక చెక్క పెట్టె. కీ ఇస్తే ముల్లు అటూ ఇటూ ఊగుతూ తాళం వేస్తుంది. సంగీత కళాశాలలో చేరినప్పుడు కొన్నది. దాన్ని సెకనుకు ఒక దెబ్బ దగ్గర పెట్టింది. తన వంతు వచ్చాక నాలుగు దెబ్బలు ఆగి నొక్కడం. పందెం పెద్దదైతే ఎనిమిది. ముక్కలు ఏవైనా సరే. చేతిలో రెండు ఆసులున్నా నాలుగే, చెత్త ఉన్నా నాలుగే.

నెల తర్వాత లచెజార్ మళ్లీ వీపు పెట్టి కూర్చున్నాడు. ఒక్కటీ చెప్పలేకపోయాడు.

"యంత్రంలా ఆడుతున్నావక్కా," అన్నాడు. అప్పట్లో అది మెచ్చుకోలు.

ఆమె తల్లి వెలిచ్కాకు మాత్రం ఆ చప్పుడు పడదు. రైల్వేలో టికెట్లు ఇచ్చి రిటైరైన మనిషి. "పేకాటకి తాళం కూడానా? మీ నాన్న తాగినప్పుడైనా ఇంట్లో ఇంత టక్‌టక్ లేదు," అనేది. చలికాలం ఇల్లు వెచ్చబెట్టిన బిల్లు కూతురు కట్టినప్పుడు ఏమీ అనలేదు. జూదం అనడం కూడా మానలేదు.

ఉత్తరం వచ్చిన మర్నాడు జోర్నిత్స బోరిసోవా వీధి గదికి వెళ్లింది. ఇంకొక్క నెల బాగా ఆడితే ఆమె పై మెట్టు ఎక్కేది. ఆ మెట్టు మీద డాన్సు బడి జీతంతో పనుండదు. ఆ ముప్ఫై రెట్ల కోసం కూడబెట్టిందంతా ఇప్పుడు ఆపేసిన ఖాతాలోనే ఉంది.

లచెజార్ అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు.

"వీడియోలో నువ్వు మనిషిలా ఆడాలి."

"మరి నాలుగేళ్లుగా ఎలా ఆడాను?"

"అబ్బా, విను. ఆ పెట్టె తీసెయ్. ఒకసారి వెంటనే నొక్కు, ఒకసారి బాగా ఆలస్యం చెయ్. తల గోక్కో. మంచినీళ్లు తాగు. ఒకటి రెండు తప్పులు చెయ్. వాళ్లకి కావలసింది అదే."

"తప్పులు చేస్తే మనిషినా?"

"వాళ్ల లెక్కలో అంతే."

"ఈ గదిలోనే కదరా ఇద్దరు మనుషులు తప్పులు చేసి పోయింది. యంత్రంలా ఆడమన్నావు, ఆడాను. ఇప్పుడు మనిషిలా నటించమంటున్నావు. నటించను."

"డబ్బు పోతుందక్కా."

"పోతే నా ఆట ఆడి పోనీ. వేరే ఎవరిలాగో ఆడి దాన్ని తెచ్చుకుంటే, ఆ నాలుగేళ్లు ఆడింది ఎవరు?"

లచెజార్ గింజల పొట్లం ఆమె వైపు జరిపాడు.

శనివారం మధ్యాహ్నం వీడియో తీయాలని నిర్ణయించుకుంది. ఆ ఉదయమే వెలిచ్కా సంత నుంచి ఇరవై కిలోల ఎర్ర మిరపకాయలు మోయించుకొచ్చింది. చలికాలానికి కాల్చి, తోలు తీసి, సీసాల్లో పెట్టాలి. కాల్చే కరెంటు పొయ్యి బాల్కనీలో ఉంది. అదీ, స్నానాల గది హీటరూ ఒకేసారి పనిచేస్తే ఇల్లంతా ఫ్యూజు పోతుంది.

"అమ్మా, నేను చెప్పేదాకా పొయ్యి పెట్టకు."

"మిరపకాయలు నీ కోసం ఆగుతాయా?"

"డెబ్బై నిమిషాలు ఆగుతాయి. గదిలోకి కూడా రాకు."

"నీ గదిలో ఏముందని వస్తానే? ఆ టక్‌టక్ వినడానికా?"

జోర్నిత్స తలుపు వేసుకుంది. ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద నిలబెట్టి, అది ముఖం, చేతులు, తెర చూస్తోందో లేదో సరిచూసుకుంది. చేతిలోకి తీసుకుని గదంతా తిప్పింది: మంచం కింద, అల్మారా వెనక, కిటికీ. మళ్లీ నిలబెట్టింది. మెట్రోనోమ్‌ను కెమెరాకు కనబడేలా జరిపింది. కీ ఇచ్చింది. నాలుగు బల్లలు తెరిచింది.

ఆట మామూలుగా సాగింది. పది చేతుల్లో ఎనిమిది పారేసింది. నాలుగు దెబ్బలకు నొక్కింది. పెద్ద పందాలకు ఎనిమిది. తల గోక్కోలేదు. నీళ్లు తాగలేదు.

వెలిచ్కా డెబ్బై నిమిషాలు లెక్కపెట్టింది, కానీ తలుపు వేసిన దగ్గర్నుంచి. కూతురు లెక్కపెట్టింది బల్లలు తెరిచిన దగ్గర్నుంచి. వీడియో ఇంకా పది నిమిషాలు ఉండగా బాల్కనీలో పొయ్యి వెలిగింది. హీటరు అప్పటికే వేసి ఉంది. ఇల్లంతా కరెంటు పోయింది.

ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. ఇంటర్నెట్ పెట్టె ఆరిపోయింది. నాలుగు బల్లలూ బూడిద రంగులోకి మారి నిలిచిపోయాయి. ఫోన్‌ నుంచి నెట్ ఇవ్వొచ్చు, కానీ కెమెరా కూడా ఆ ఫోనే. జోర్నిత్స దాన్ని ముట్టుకోలేదు. కుర్చీలోంచి లేవలేదు. మెట్రోనోమ్‌కు కరెంటుతో పనిలేదు, అది కొడుతూనే ఉంది.

"అమ్మా! ఫ్యూజు!"

"నీ టైము అయిపోయిందిగా!"

"అవలేదు! ఫ్యూజు వెయ్యి, పొయ్యి తీసెయ్!"

"సగం కాలినవి ఏం చెయ్యనే?"

"నన్నే కాల్చు! ముందు ఫ్యూజు!"

నడవాలో స్విచ్చు పడ్డ చప్పుడైంది. ఇంటర్నెట్ పెట్టె మీద దీపాలు ఒక్కొక్కటే వెలగడం మొదలుపెట్టాయి. అప్పుడు తలుపు తెరుచుకుంది. వెలిచ్కా చేతిలో పట్టకారు ఉంది, దానికి ఒక మిరపకాయ వేలాడుతోంది. గడప దాటలేదు. మెడ మాత్రం లోపలికి చాచి, కూతుర్ని కాదు, ఫోన్‌ను చూసి మాట్లాడింది.

"ఎవరయ్యా నువ్వు? దీన్ని యంత్రం అంటున్నావట. యంత్రమైతే చెప్పిన మాట వినేది కదా! పుట్టిందగ్గర్నుంచీ విన్లేదు. నాలుగేళ్లుగా ఆ టక్‌టక్ ఆపవే అంటున్నా. ఆపిందా? చూడు, ఇప్పుడు కూడా ఆపలేదు!"

"అమ్మా, తలుపు."

"వేస్తున్నా. ఆయనకి తెలియాలిగా."

తలుపు పడింది. బల్లలు తిరిగి రంగులోకి వచ్చాయి. మొదటి బల్ల మీద జోర్నిత్స చేతిలో రెండు రాణులు. పందెం పెంచింది. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు తెరుచుకున్నాయి: ఆసు, రాజు, ఆరు. మొదటి రెండూ రాణి కంటే పెద్దవి. అవతలివాడు తన ముందున్నదంతా తోశాడు. ఆమె ముఖం ఎర్రగా ఉంది. వీడియోలో అది కనబడుతుంది. వేలు మౌస్ మీద పెట్టింది. ఒకటి, రెండు. ఎనిమిదో దెబ్బకు రాణుల్ని పారేసింది.

మిగతా నిమిషాలు పూర్తిచేసి, ఫోన్ ఆపింది.

లచెజార్ వచ్చి మొత్తం చూశాడు. పెద్దమ్మ తల చాచిన దగ్గర రెండుసార్లు చూశాడు.

"ఇది కోసెయ్యాలి."

"కోత ఉండకూడదన్నారు."

"ఇంకెవరూ రాకూడదని కూడా అన్నారు!"

"రాలేదే. గడప బయటే ఉంది."

"అక్కా, ఇంకా ఐదు రోజులుంది. మళ్లీ తీద్దాం. పెద్దమ్మని మా అమ్మ దగ్గరికి పంపిద్దాం."

"ఒకసారి మనిషినని చెప్పాను. రెండోసారి చెప్పను."

అతని ముందే పంపేసింది.

జవాబు పంపిన తొమ్మిదో రోజున వచ్చింది. ఖాతా తెరిచారు. వీడియోలో ఆమె తీసుకున్న వ్యవధి, నాలుగేళ్ల ఆటలో తీసుకున్న వ్యవధి ఒకటేనని రాశారు. అంత కచ్చితంగా ఎలా కుదురుతోందో తమకు ఇప్పుడు వినబడిందన్నారు. వ్యవధి వేరుగా ఉండి ఉంటే ఖాతా మూసేసేవాళ్లమని కూడా రాశారు. లచెజార్ ఆ వాక్యాన్ని మళ్లీ పైకి చదివాడు.

కింద ఒక విన్నపం ఉంది. ఇకముందు అనుమానాలకు తావు లేకుండా ఆ పరికరాన్ని పక్కన పెట్టి, వ్యవధి మారుస్తూ ఆడాలి. అంగీకారం తెలపాలి.

"సరేనని రాసెయ్యక్కా. ఎవడు చూడొచ్చాడు?"

జోర్నిత్స ఇలా రాసింది: "అది నాకు ముక్కలు చెప్పదు. ఏం ఆడాలో చెప్పదు. ఆగమని చెబుతుంది. ఆగకూడదని మీ నిబంధనల్లో ఎక్కడైనా ఉంటే చూపించండి. అంతవరకూ ఇలాగే ఆడతాను. మళ్లీ అనుమానం వస్తే ఆ వీడియోనే మళ్లీ చూసుకోండి, ఇంకొకటి పంపను."

దానికి జవాబు రాలేదు. ఖాతా మూయనూ లేదు.

నెల తిరిగాక ఒక శనివారం మధ్యాహ్నం ఆమె గదిలోకి వెళ్లబోతుంటే వెలిచ్కా వంటింట్లోంచి కేకేసింది. సంతలో చివరి మిరపకాయలు చవగ్గా దొరికాయని మళ్లీ తెచ్చింది.

"ఎంతసేపే ఇవాళ?"

"తెలీదమ్మా. పై మెట్టు బల్ల. ఇవాళే మొదలు."

"పోతే?"

"దిగుతా. మళ్లీ ఎక్కుతా."

వెలిచ్కా స్నానాల గదిలోకి వెళ్లి హీటరు కట్టేసింది. తర్వాత బాల్కనీలోకి వెళ్లి పొయ్యి పెట్టింది. "జూదమే," అంది అక్కణ్ణుంచి, వినబడేలా.

జోర్నిత్స తలుపు తెరిచే ఉంచి, పెట్టెకు కీ ఇచ్చింది.