ఎనిమిదో రంధ్రం

బడిలో పిల్లలు ఆయనకు పెట్టిన పేరు భూతద్దం. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా ఉద్యోగంలో భాగమే అనుకునేవాడు.

ఇరవై ఏళ్ళుగా ఆయన ఆ బడికి క్రమశిక్షణ సూపర్‌వైజరు. పొద్దున ఎనిమిదయ్యేసరికి గేటు లోపల ఇనపకుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒళ్ళో పాత బిస్కెట్ల డబ్బా, మెడలో తాడుకు కట్టిన భూతద్దం. గోళ్ళు, జుట్టు, చెవులు, మెడ, మణికట్లు వరసగా చూస్తాడు. చెవికొక చిన్న పోగు తప్ప ఒంటిమీద ఇంకేదీ ఉండకూడదని రూలు. దొరికినదాన్ని కాగితంలో చుట్టి, మీద పేరూ తరగతీ రాయించి డబ్బాలో వేస్తాడు. ఏడాది చివర ఎవరిది వాళ్ళకిచ్చేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క పూస పోలేదు.

దొరికిన పిల్లల తల్లో తండ్రో వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ప్రతి పేజీలోనూ ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది: "ఇకమీదట నా బిడ్డను ప్రతిరోజూ శ్రద్ధగా గమనిస్తానని మాట ఇస్తున్నాను." ఆ వాక్యం ఆయనే రాశాడు. సంతకానికి ముందు దాన్ని పైకి చదివిస్తాడు. నోటితో పలికిన మాట దేవుడి చెవిన పడుతుందని ఆయన నమ్మకం.

ఆయన చేతిరాత మాత్రం కోడి కెలికినట్టు ఉంటుంది. అందుకే చీటీలు రాసే పని పదో తరగతి చదివే కూతురిది. రోజూ తండ్రితోపాటే వచ్చి, కుర్చీ వెనక పెన్సిలు పట్టుకుని నిలబడుతుంది. అలా ఆయన రోజుకు ఆరువందల మొహాలు పట్టి పట్టి చూసేవాడు. వెనకనున్న ఒక్క మొహం ఆ లెక్కలోకి రాలేదు.

ఆ సోమవారం మూడో తరగతి పిల్ల ఒకతె చెంపమీద మెరిసే నక్షత్రం అంటించుకుని వచ్చింది. ముందుపళ్ళు రెండూ ఊడి ఉన్నాయి.

"ఏంటిది?"

"నక్షత్రం."

"నక్షత్రాలు ఎక్కడుండాలి?"

"ఆకాశంలో."

"మరి నీ చెంపమీదికి ఎందుకొచ్చింది?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. ఎదురుప్రశ్న వేద్దామని కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "మరి అక్క కనుబొమ్మకి రింగు ఎందుకొచ్చింది?"

"ఏ అక్క?"

"చీటీలు రాసే అక్క."

ఆయన కుర్చీలోంచే మెల్లగా వెనక్కి తిరిగాడు. కూతురు చేతిలోని చీటీనే చూస్తోంది. నుదుటిమీదికి జుట్టు దువ్వుకుని ఉంది.

"జుట్టు పక్కకి తియ్యి."

తీసింది. ఎడమ కనుబొమ్మ చివర చిన్న వెండి రింగు. దాని చుట్టూ ఎర్రగా వాచి ఉంది.

"ఎప్పుడిది?"

"బుధవారం నాన్నా. పార్లర్లో."

బుధవారం నుంచీ పంతొమ్మిదిమందికి చీటీలు రాసింది, ఆ కనుబొమ్మ కిందనుంచే.

"చీటీ రాయి," అన్నాడు.

"ఎవరికి?"

"నీకే."

రాసింది, తన పేరూ తన తరగతీ. ఎప్పట్లాగే గుండ్రంగా, ముత్యాల్లా.

"ఇప్పుడది తియ్యి."

"రాదు నాన్నా. వాచింది. వాపు తగ్గేదాకా ముట్టుకోవద్దని అమ్మ చెప్పింది."

"అమ్మకి తెలుసా?"

లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆ చీటీని మడిచి డబ్బాలో వేశాడు. వస్తువు లేకుండా చీటీ ఒక్కటే అందులో పడటం అదే మొదలు.

రూలు ప్రకారం ఒంటిమీదిది తీసేదాకా పిల్ల తరగతిలో కూర్చోకూడదు. మూడు వారాల్లో పదో తరగతి పరీక్షలు. కూతుర్ని పంపించేస్తే దాని చదువు దెబ్బతింటుంది. పంపకపోతే రేపటినుంచి ఆ గేటు దగ్గర ఆయన ఇనపకుర్చీకి ఉన్న విలువ ఆయనకు ఉండదు. ఈ రెండూ పట్టుకుని ఆయన హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళాడు.

ఆవిడ కాగితాల్లోంచి తలెత్తి అంతా విని, డ్రాయరు లాగి ప్లాస్టరు ముక్క ఒకటి తీసి బల్లమీద పెట్టింది.

"ఇంతదానికి అంత బాధ దేనికండీ? ఇది అంటించండి. దెబ్బకి ప్లాస్టరు వేసుకోకూడదని రూల్లో లేదు కదా."

"వేరేవాళ్ళ పిల్లయితే ఏం చేసేవాళ్ళమండీ?"

"వేరేవాళ్ళ పిల్లయితే మీరు నాదాకా తీసుకొచ్చేవారు కాదు."

ఆయన ప్లాస్టరు తెచ్చి కూతురికిచ్చి తరగతికి పంపాడు. సాయంత్రానికి ఆ ప్లాస్టరు బడంతా చూసింది.

సాయంత్రం ఇంట్లో భార్యని అడిగాడు. ఆమె ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సు. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో దూది ముంచి పిల్ల కనుబొమ్మ తుడుస్తోంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం సాయంత్రమే."

"నాకెందుకు చెప్పలేదు?"

"బుధవారం రాత్రి అది మీకెదురుగా కూర్చుని అన్నం తింది. గురువారమూ తింది. చూస్తారేమోనని చూశాను. శుక్రవారం మీరు దాన్ని చూసి, పెరుగు ఇటు జరపమన్నారు."



మంగళవారం కూతురు ప్లాస్టరుతో వచ్చి కుర్చీ వెనక నిలబడింది. లైను కదిలింది. మొదటి పిల్ల కనుబొమ్మకు ప్లాస్టరు. మూడో పిల్లకు ప్లాస్టరు. ఏడో కుర్రాడికి రెండు కనుబొమ్మలకూ ప్లాస్టర్లు. మొత్తం పదకొండుమంది తేలారు.

"నీకేమైంది?"

"దెబ్బ సార్."

"ఎక్కడ తగిలింది?"

"అక్కకి తగిలినచోటే సార్."

ఒకటి ఊడదీసి భూతద్దం పెట్టి చూశాడు. కింద రింగు లేదు, రంధ్రం లేదు, శుభ్రమైన కనుబొమ్మ ఉంది. ఇంకొకటి తీశాడు. అక్కడా అంతే.

"ఏమీ లేనిదానికి ప్లాస్టరు దేనికి?"

"బాగుందని సార్."

ఏమీ లేనిదాన్ని కాగితంలో చుట్టి డబ్బాలో ఎలా వెయ్యాలో ఆయనకు తెలియలేదు. పళ్ళూడిన పిల్ల వంతు వచ్చింది. చెంపమీద నక్షత్రం లేదు. అది బోసినోటితో నవ్వి, మొహం పైకెత్తి చూపించి వెళ్ళిపోయింది. ఆ లైను మొత్తానికి తను చెప్పిన మాట విన్నది అదొక్కతే అని ఆయనకు అనిపించింది. దాన్నే కదా నిన్న నిలదీశాను అని కూడా అనిపించింది.

రిజిస్టరు తెరిచాడు. కూతురి పేరు కూతురి చేతే రాయించాడు. తండ్రి సంతకం ఉండాల్సినచోట కలం పెట్టి ఆగాడు. పిల్లలందరూ చూస్తున్నారు. అందరిచేతా చదివించినదాన్ని తను చదవకుండా ఎలా? గొంతు సవరించుకుని పైకి చదివాడు: "ఇకమీదట నా బిడ్డను ప్రతిరోజూ శ్రద్ధగా గమనిస్తానని మాట ఇస్తున్నాను." సంతకం పెట్టాడు. కింద సూపర్‌వైజరు సంతకం కూడా ఆయనదే.

"ప్లాస్టరు తీసేసి ఇంటికి వెళ్ళు. తగ్గాక రా."

"పరీక్షలు నాన్నా."

"పుస్తకాలు ఇంట్లోనూ ఉన్నాయి."

ఆమె పెన్సిలు కుర్చీమీద పెట్టి వెళ్ళిపోయింది. మిగిలిన చీటీలు ఆయనే రాసుకున్నాడు. ఏ చీటీ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు పొద్దున దేవుడి పటం ముందు నిలబడ్డాడు. రోజూ కళ్ళు మూసుకునే దణ్ణం పెట్టుకోవడం అలవాటు. ఆ రోజు, గమనిస్తానని మాట ఇచ్చాను కదా అని, కళ్ళు తెరిచాడు. పటంలో స్వామికి చెవులనిండా, మెడనిండా, చేతులనిండా నగలు. ఈయన గేటు దగ్గరికొస్తే నా డబ్బా చాలదు అనుకున్నాడు. అనుకున్నందుకు లెంపలు వేసుకున్నాడు. అయినా సందేహం పోలేదు. మొహానికి ఏడు రంధ్రాలు పెట్టినవాడికి ఎనిమిదోదానితో పేచీ ఉంటుందా? పేచీ నాదా, ఆయనదా? పటం ఏమీ చెప్పలేదు. సరే అని దూది, ఉప్పునీళ్ళు, భూతద్దం పట్టుకుని కూతుర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు.

"అమ్మ తుడుస్తుందిలే నాన్నా."

"సంతకం పెట్టింది అమ్మ కాదు."

అద్దం దగ్గరగా పెట్టి చూశాడు. రింగు, ఎరుపు, దాని పక్కన ఆవగింజంత నల్లటి మచ్చ.

"ఈ మచ్చ ఎప్పుడొచ్చింది?"

"ఎప్పట్నుంచో ఉంది నాన్నా."

వంటింట్లోంచి భార్య గొంతు వినిపించింది. "అది పుట్టిన రోజున ఆ మచ్చ నాకు చూపించిందే మీరు."

ఆయన చాలాసేపు భూతద్దం తియ్యలేదు.

ఏ పనైనా పట్టుకుంటే వదలని మనిషి ఆయన. గురువారానికి ఒక నోటుపుస్తకం పెట్టాడు. "ఎరుపు తగ్గింది. చీము లేదు." అని పొద్దునా సాయంత్రమూ రాసుకున్నాడు. శుక్రవారం బల్బు మార్చి ఎక్కువ వెలుతురుది బిగించాడు. శనివారం బడినుంచి వస్తూ పార్లరుకు వెళ్ళి, అక్కడి అమ్మాయిని అరగంట ప్రశ్నలు వేసి వచ్చాడు.

"వెండిది నల్లబడుతుందట. స్టీలుది మేలట. పరీక్షలయ్యాక మార్పిద్దామా?"

కూతురు తల్లివంక చూసింది. తల్లి నవ్వు ఆపుకుంటూ పక్కకు తిరిగింది.

ఆదివారం పొద్దున ఆయన దూది ముంచుకుని వచ్చేసరికి కూతురు అరచెయ్యి చాపింది. అందులో రింగు ఉంది.

"వాపు పోయింది. అమ్మ తీసేసింది."

"అదేంటి, ఇంకా కొన్నాళ్ళు తుడవాలన్నారుగా." ఆయన గొంతులో నిజమైన దిగులు వినిపించింది.

"నువ్వు రెండు పూటలా భూతద్దం పెట్టి చూసి, పుస్తకంలో రాసి, పార్లరుకి కూడా వెళ్ళొచ్చాక ఇది నాదని అనిపించట్లేదు నాన్నా. నీదనిపిస్తోంది."

సోమవారం ఇద్దరూ కలిసే గేటు దగ్గరికి వెళ్ళారు. ఆమె డబ్బా తెరిచి, తన ఖాళీ చీటీ వెతికి తీసి, రింగు అందులో చుట్టి మళ్ళీ లోపల వేసింది. పెన్సిలు పట్టుకుని కుర్చీ వెనక నిలబడింది. బయట లైను కట్టారు. ముందు నిలబడ్డ పిల్ల అప్పుడే గోళ్ళు చాపి రెడీగా ఉంది.

ఆయన గేటు తియ్యలేదు. కుర్చీ ఎత్తి వెనక్కి తిప్పి, కూతురికి ఎదురుగా కూర్చుని, భూతద్దం పైకెత్తాడు.

"నాన్నా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. సంతకం పెట్టానమ్మా," అన్నాడు. "ప్రతిరోజూ అని రాసింది నేనే."