ఒంటిమీది లెన్సులు

సంచీని తూకం వేస్తారు గానీ ఒంటిని వెయ్యరు. కెమెరాలతో విమానం ఎక్కే మావాళ్లందరికీ తెలిసిన చిట్కా ఇది. బరువైన లెన్సులు కోటు జేబుల్లో కుక్కుకుని, చెమటలు కక్కుతూ, ఏమీ ఎరగనట్టు కౌంటరు దాటేస్తాం. జకార్తా నుంచి కుపాంగ్ దాకా పెద్ద విమానంలో నేనలాగే వచ్చాను. ఆ లెన్సులన్నీ నేను అన్నా అని పిలిచే తిగోర్‌వే. ఆయన మంచి పేరున్న ఫొటోగ్రాఫర్, నేను ఆయన సహాయకురాలిని. మెడలోని చిన్న కెమెరా ఒక్కటే నాది.

కానీ ఈసారి అసలు పని నాది. మా సాబు దీవిలో బేనా పెద్దమ్మ, తను పోయాక తనకి కప్పడానికని స్వయంగా నేసుకున్న బట్టను తాటాకు బుట్టలో దాచుకుంది. మా తల్లి వంశం ఆడవాళ్లు తప్ప ఎవరూ చూడకూడని బట్ట. ఏడాదిపాటు ఫోన్లో బతిమాలితే, నేను ఫొటో తీసి దాచుకోవడానికి ఒక్కసారి పరుస్తానని మాటిచ్చింది. టికెట్టు నా జీతానికి అందదు గనక అన్నతో బయలుదేరాను. ఆయన గుర్రాల, తాటిచెట్ల ఫొటోలు తీసుకోవాలి, పెద్దమ్మ గడప నేనొక్కదాన్నే తొక్కాలి. అదీ ఒప్పందం.

కుపాంగ్ నుంచి దీవికెళ్లే విమానం వ్యానుకంటే కాస్త పెద్దది. అందులో మనిషిని కూడా కాటా ఎక్కిస్తారు. అన్నకి ముందే చెప్పాను, చూద్దాంలే అన్నాడు.

కాటా దగ్గరి అతను ముల్లు చూశాడు, నన్ను చూశాడు. "ఏం తిన్నావక్కా, ఇటుకలా?" అన్నాడు. వెనక ఉన్నవాళ్లు నవ్వారు. లెన్సులైనా దిగాలి, నేనైనా దిగాలి అని తేల్చాడు.

తడిగుడ్డతో గొంతు కోయడంలో అన్న ఘనుడు. "లెన్సుల్లేకుండా నేనెళ్లి ఏం చెయ్యనమ్మా? నువ్వు వచ్చేవారం రా. పెద్దమ్మ ఎక్కడికీ పోదుగా" అంటూ అందరి ముందూ నా జేబులు ఒక్కొక్కటీ ఖాళీ చేశాడు. కూరలో కరివేపాకు నయం, తినేటప్పటిదాకా ఉంచుతారు. చివరికి తన సంచీలో నేను పెట్టిన తమలపాకులూ వక్కలూ ఉన్న పొట్లం కూడా తీసి నా చేతిలో పెట్టాడు, ఇదొక బరువా అని.

ఆ పొట్లం లేకుండా మా దీవిలో ఏ ఇంటివాళ్లూ లోపలికి రమ్మనరు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. పోనీ, ఉత్తి చేతులతో ఎక్కడికెళ్లినా గుమ్మంలోనే నిలబడతాడని కసిగా సంతోషించాను.

రెండ్రోజులకు పెద్దమ్మ ఫోన్ చేసింది.

"నువ్వు పంపిన మనిషి వక్కముక్కైనా లేకుండా వచ్చాడే, పిగా."

నేను పంపలేదనబోయాను, ఆవిడ ఆగలేదు.

"నీకు జ్వరమట కదా, నీ బదులు తననే తియ్యమన్నావట. నా బిడ్డ పంపిన మనిషిని గుమ్మంలోంచి తిప్పి పంపితే నీ పరువేం గాను? కళ్లు మూసుకుని పరిచాను."

వచ్చేవారం నేనొస్తానని, నాకు మళ్లీ పరిచి చూపించమని అడిగాను.

"దాన్నింక నాకు కప్పకూడదమ్మా, మగాడి కన్ను పడింది. వేరేది నేసుకోవాలి. దారం కూడా కంటికి ఆనట్లేదు నాకు."

ఫోన్ పెట్టేముందు జ్వరం తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాను.