ముప్పై ఏడో నంబరు

పేరుకు అది కంపెనీ. ఉన్నది మాత్రం టైలరు షాపు మీద ఒక గది, రెండు బల్లలు, రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు. చిట్టి చేరాక, ఎవరు టీకి లేస్తే వాళ్ళ కుర్చీ ఆమెది అయ్యేది. చదువు చివరి ఏడాదిలో మూడు నెలలు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌గా పనిచేయాలి కాబట్టి వచ్చింది. పెద్ద కంపెనీలు ఆమెను రమ్మనలేదు. అప్పట్లో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ, ఇప్పుడు తానే పదిమందికి పని నేర్పే హోదాలో ఉండి, నవ్వుతూ చెబుతుంది.

కంపెనీ పెట్టిన కుర్రాడికి ఇరవై ఆరేళ్ళు. ఆటపట్టించడానికి 'ఎండీ గారూ' అని పిలిస్తే నిజంగానే పలికేవాడు. ప్రోగ్రాములు రాసేవాడు రోజుకు నాలుగు మాటలు మించి ఖర్చుపెట్టడు, అందుకని అతను మౌని. తలుపు మీద 'సిబ్బంది' అని ఒక కాగితం, దాని మీద ఈ ఇద్దరి పేర్లే. వస్తూ పోతూ చిట్టి ఆ కాగితాన్ని చూసేది. మూడో పేరు రాయడానికి చోటు ఉంది.

వాళ్ళు తయారుచేసింది ఒక పెట్టె. ఆసుపత్రి గోడకు తగిలిస్తే నంబరు ప్రకారం మనుషుల్ని లోపలికి పిలుస్తుంది. మొదట పెట్టిన యంత్రం గొంతు వింటే జబ్బు లేనివాడికి కూడా జబ్బు వచ్చేలా ఉంది.

"మీ గొంతు బాగుంటుంది మేడం, మీరు చదవండి," అన్నాడు ఎండీ గారు.

వీధి చప్పుడు వినపడకుండా చిట్టి ఇంట్లో బట్టల బీరువాలో తలపెట్టి, ఫోన్‌లో ఒకటి నుంచి వంద దాకా చదివింది.

"నిన్ను చదివించింది ఇందుకా?" అంది అమ్మ.

పెట్టెను మొదట పెట్టనిచ్చింది ఒక కంటి ఆసుపత్రి. "నా పేషెంట్లను కంగారు పెట్టినా, మధ్యలో ఆగినా, ఆ రోజే ఊడదీసుకుపోండి," అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆవిడ సరేనంటే కంపెనీకి తొలి బేరం, చిట్టికి ఉద్యోగం. కాదంటే నెలాఖరుకు గది ఖాళీ.

ఎండీ గారిది ఒక పట్టుదల. చేసిన వస్తువు పనిచేసే చోట, చేసినవాళ్ళలో ఒకరు ఒక రోజంతా కూర్చోవాలి. తామెవరో చెప్పకూడదు, నోరు మెదపకూడదు, చూసింది రాసుకోవాలి. ఆ రోజు వంతు చిట్టిది.

పొద్దున అంతా సవ్యంగానే నడిచింది. "ఎవరో గానీ ఒద్దికైన పిల్ల," అంది పదకొండో నంబరు ఆవిడ, పెట్టె వంక చూసి. చిట్టి ఉబ్బి తబ్బిబ్బయింది. ఇంకోసారి తన గొంతు తానే వినాలనిపించి, ఇరవై తొమ్మిదో నంబరు వేళకు ఫోన్ తెరిచింది. అందులో '37 మంచిది' అని ఒక రికార్డింగు కనిపించింది.

ముప్పై ఏడు చదివేటప్పుడు అమ్మ కేకలు మధ్యలో పడ్డాయని రెండోసారి చదివి, దానికి 'మంచిది' అని పేరు పెట్టుకుంది. మౌనికి పంపింది మొదటిది.

ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకోలేక బయటికి వెళ్ళి ఎండీ గారికి ఫోన్ చేసింది. అతను మౌనిని అడిగాడు.

"ఆపి మార్చాలి. నలభై నిమిషాలు," అన్నాడు మౌని. ఆ రోజు మాటల కోటా దాంతో అయిపోయింది.

ఆపితే ఒక తంటా, ఆపకపోతే ఇంకో తంటా. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అక్కడున్నది మీరు మేడం. మీకేది మంచిదనిపిస్తే అది చెయ్యండి," అన్నాడు ఎండీ గారు.

డాక్టరమ్మకు ముందే చెప్పేద్దామని చిట్టి తలుపు దగ్గరికి వెళ్ళింది. "లోపల మనిషున్నారు, ఆగమ్మా," అంది నర్సు. లోపలున్నది ముప్పై ఆరు. తలుపు తెరుచుకుంది, ఆయన బయటికి వచ్చాడు, పెట్టె పలికింది.

"ముప్పై ఏడో నంబరు వారు దయచేసి లోపలికి రండి."

వెంటనే ఇంకో గొంతు. "ఎన్నిసార్లు పిలవాలి నిన్ను? వడ్డించినవన్నీ చల్లారిపోతున్నాయి. వస్తావా, నన్ను రమ్మంటావా?"

వెనక వరసలోంచి లేచిన ముప్పై ఏడో నంబరు, బుర్రమీసాల లారీ డ్రైవరు, అప్పటికే సగం దూరం గుమ్మం వైపు జారుకున్నవాడు, ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "వస్తున్నా వస్తున్నా," అంటూ తిన్నగా డాక్టరమ్మ గదిలోకి నడిచాడు. హాలంతా ఘొల్లుమంది. చిట్టికి మాత్రం ఏడుపొచ్చింది.

అతన్ని చూసి పంపాక డాక్టరమ్మ బయటికి వచ్చింది. "ఎవరిదా రెండో గొంతు?"

"మా అమ్మదండీ. తప్పు నాదండీ. మంచిది నా ఫోన్‌లో ఉండిపోయింది. పెట్టె తీసెయ్యమంటే తీసేస్తామండీ."

డాక్టరమ్మ పెట్టె వైపు వేలు చూపించింది. "కంట్లో చుక్కలు వేస్తారన్న భయంతో ఆ డ్రైవరు రెండుసార్లు నంబరు తీసుకుని పారిపోయాడు. ఇంకో నెల ఆలస్యమైతే చూపు పోయేది. మీ అమ్మగారిని అక్కడే ఉండనివ్వండి."

మర్నాడు పొద్దున చిట్టి వచ్చేసరికి తలుపు మీది కాగితంలో మూడో పేరు తనది. నాలుగోది 'అమ్మగారు'. అది మౌని దస్తూరి.

అమ్మకు మాత్రం చిట్టి ఈ కథ చెప్పలేదు. ఊరందరి ముందూ తనను అల్లరిపాలు చేసిందని వీపు చీరేస్తుందని భయం.

పన్నెండేళ్ళు పోయాక అమ్మ కంటికి పొర వచ్చింది. చిట్టి ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళింది. వాళ్ళది ఇరవై రెండో నంబరు. చూపించుకోవడం అయిపోయినా, "కాసేపు కూర్చుందామమ్మా," అని చిట్టి లేవనివ్వలేదు. అమ్మ సణుగుతూనే కూర్చుంది. ముప్పై ఏడు వచ్చింది. హాల్లో తెలిసినవాళ్ళు ముందుగానే నవ్వడం మొదలుపెట్టారు.

చుక్కల మందుతో మసకబారిన కళ్ళు చికిలించి అమ్మ పెట్టె వైపు తల తిప్పింది.

"ఆ పిలిచే పిల్ల గొంతు నీలాగే ఉందే. పాపం, పని చేసుకుంటుంటే ఆ తల్లెవరో గానీ ఎలా కసురుతోందో చూడు," అంది. "నేనెప్పుడైనా నిన్ను అలా కసిరానా?"

"లేదమ్మా," అంది చిట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని. "ఎప్పుడూ లేదు."