ప్రభువు బల్లకు బట్ట పరిచేవాడు

జానెడు వెడల్పూ బారలకొద్దీ పొడవూ ఉన్న తెల్లటి నారబట్టను టోర్మోద్ చుట్టగా చుట్టి ఎడమ చంకలో పెట్టుకొని, కుడిచేత్తో కొంచెం కొంచెంగా విప్పుతూ ముందు వరస బెంచీ వెంట పక్కకు నడుస్తున్నాడు. మిగతా రోజుల్లో ఆ వరస ఎదుట ఉన్న చెక్కపలక కీర్తనల పుస్తకాలు పెట్టుకోవడానికి. ఏడాదికి రెండుసార్లు దాని మీద ఈ బట్ట పడుతుంది. పడగానే అది ప్రభువు బల్ల అవుతుంది. రేపు ఆదివారం రొట్టె, ద్రాక్షరసం దీని మీదుగానే చేతులు మారతాయి. అతని వేలు ఒకచోట ఆగింది. మడత అడ్డంగా పడింది. అరచేత్తో రెండుసార్లు రుద్దాడు, లొంగలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ బట్టను ఉతికి ఇస్త్రీ చేసింది అతని భార్య ఎఫీ. ఈసారి పక్కింటి కెర్స్టీ చేసింది.

టోర్మోద్‌కి అరవై ఆరేళ్ళు. ఒకప్పుడు చాలా పొడగరి, ఇప్పుడు నడుము దగ్గర వంగిపోయాడు. మా లూయిస్ దీవి గాలి చెట్లనే బతకనివ్వదు, మనిషిని వంచడం దానికో లెక్కా. పెద్ద పెద్ద చెవులు, చలికి ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. వేళ్ళ సందుల్లో పొయ్యి మసి ఎంత కడిగినా పోదు. మా గ్రీనాబోస్ట్ ఊరి చర్చి తలుపులు తీయడం, పొయ్యి రాజేయడం, దీపాలు తుడవడం, పాస్టరుగారి గ్లాసులో మంచినీళ్ళు పోయడం, అందరూ వెళ్ళాక బెంచీల కింద ఊడవడం అతని పని. ఊళ్ళో అతణ్ణి తలుపుల టోర్మోద్ అంటారు. నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి ఆ పేరుకి ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు.

సంఘపెద్ద ఫిన్లే లోపలికి వచ్చాడు. ఊరికి వడ్రంగి అతనే. పడవ చేయాలన్నా శవపేటిక చేయాలన్నా అతని దగ్గరికే పోవాలి. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళు.

"పరిచావా?"

"పరిచాను."

"ముప్ఫై ఏళ్ళుగా పరుస్తూనే ఉన్నావు. పెళ్ళివంటలు చేసేవాడు కూడా ఆఖరికి ఒక ముద్ద తింటాడురా."

"నాకు గొంతు దిగదు."

ఫిన్లే "ఎఫీ ఎలా ఉంది?" అని అడిగాడు.

"అట్లాగే."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. టోర్మోద్ ఆ కడబంతిలో కూడా కూర్చోలేదు. ఈ సంగతి మావాళ్ళకి వింతేమీ కాదు. మా దీవిలో భక్తి తక్కువైనవాళ్ళ కంటే భక్తి ఎక్కువైనవాళ్ళే బల్లకు దూరంగా ఉంటారు. నేను తగినవాణ్ణేనా అని జీవితమంతా తమని తాము తూచుకుంటూ, వెనక బెంచీలోనే జుట్టు నెరిసిపోయినవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. బల్ల దగ్గర కూర్చోవాలంటే ముందురోజు శనివారం సంఘపెద్దలు ఇచ్చే సీసపు బిళ్ళ చేతిలో ఉండాలి. మర్నాడు బల్ల దగ్గర దాన్ని తిరిగి ఇచ్చేయాలి. కొత్తగా అడిగేవాడు వెనక గదిలో పెద్దల ముందు నిలబడి, ప్రభువు తనని ఎలా పిలిచాడో చెప్పాలి. టోర్మోద్ ఒక్కసారి, ముప్ఫై ఏళ్ళ కిందట, ఆ గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి, కోటు విప్పకుండానే బంగాళాదుంపలు ముందేసుకొని కూర్చున్నాడు. రేపు విశ్రాంతి దినం. కత్తి పట్టకూడదు, నీళ్ళు తోడకూడదు, బూట్లకి రంగు వేయకూడదు. రేపటి తిండి, రేపటి నీళ్ళు, రేపటి పొయ్యిలోకి చిత్తడినేలలో కోసి ఎండబెట్టిన పీటుగడ్డలు, అన్నీ ఇవాళ పొద్దు వాలేలోగా ఇంట్లోకి చేరాలి. ఎఫీ గోడలోకి కట్టిన మంచంలో, మూడు దిండ్ల మీద ఆనుకొని ఉంది. ఆగస్టులో డాక్టరు చూసి, ఇంక ఆసుపత్రి వద్దు, ఇంట్లోనే ఉండనివ్వండి అన్నాడు. ఇది అక్టోబరు. ముఖంలో కళ్ళే మిగిలాయి, కానీ ఆ కళ్ళు మాత్రం పాత ఎఫీవే. కెర్స్టీ పొయ్యి దగ్గర పీట మీద కూర్చొని మేజోడు అల్లుతోంది.

"మడత ఎటు పెట్టింది ఈ మహాతల్లి?" అని ఎఫీ అడిగింది.

"నిలువుగానే."

"నలభై ఏళ్ళు నాతో కాపురం చేసీ నీకు అబద్ధం చెప్పడం రాలేదు."

"ఉన్నమాట అంటే నేనేం కరిగిపోనులే," అంది కెర్స్టీ తల ఎత్తకుండా. "నారబట్టకి ఇటైతేనేం, అటైతేనేం."

ఎఫీ నవ్వబోయింది, దగ్గొచ్చింది. టోర్మోద్ లేచి వీపు నిమిరాడు. ఆ వీపు చేతికి ఎముకలుగా తగిలింది. దగ్గు తగ్గేదాకా నిమురుతూ నిలబడటం తప్ప ఏమీ చేయలేకపోయాడు. ఆరు నెలలుగా అతను చేయగలిగిందీ అంతే.

"రేపు నువ్వు కూర్చోవాలయ్యా," అంది ఎఫీ, ఊపిరి కూడదీసుకొని.

"నావల్ల కాదు ఎఫీ."

"నేను పోతే అక్కడ షోనాగ్ కనపడుతుంది. ముందు అడిగేదే నాన్నేడీ అని. ఏం చెప్పమంటావు? ఇంకా తలుపు దగ్గరే నిలబడ్డాడని చెప్పనా?"

కెర్స్టీ సూదులు ఆగిపోయాయి. టోర్మోద్ మళ్ళీ దుంపల ముందు కూర్చొని, ఇదివరకే చెక్కు తీసిన దుంపకి మళ్ళీ చెక్కు తీశాడు.

షోనాగ్ వాళ్ళకి ఒక్కతే పిల్ల. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, ఫిబ్రవరిలో, నాలుగేళ్ళ వయసులో గొంతు మూసుకుపోయే జ్వరం వచ్చి పోయింది. దారంతా మంచు పడి డాక్టరు రాలేకపోయాడు. ఆ దెబ్బకి ఎఫీ, నీళ్ళలో పడ్డవాడు తాడు పట్టుకున్నట్టు దేవుణ్ణి పట్టుకుంది. ఆ ఏడాదే బల్ల దగ్గర కూర్చుంది. టోర్మోద్ మాత్రం ఆ రోజు ఆవుల కొట్టంలోకి వెళ్ళి, ఆవు మెడ మీద తల ఆనించి, ఒక్క మాట పైకే అన్నాడు. ఆ మాట ఎఫీకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు దాన్ని కడుపులో పెట్టుకొని చర్చి తలుపులు తీశాడు. ఎఫీ వెళ్ళే చోటికి తను వెళ్ళలేడని, తను కొనితెచ్చుకున్న శిక్ష అదేనని అతనికి గట్టి నమ్మకం. ఇప్పుడు ఆమె వెళ్ళిపోతోంది.

దుంపలు కుండలో వేసి, చేతులు తుడుచుకొని, టోపీ తీసుకున్నాడు. ఎక్కడికని ఆడవాళ్ళిద్దరూ అడగలేదు.

వెనక గదిలో అయిదుగురు పెద్దలు, మధ్యలో పాస్టరుగారు. ఆ గది పొయ్యి పొద్దున టోర్మోద్ రాజేసిందే. అలవాటుగా ముందు దానివైపే చూశాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ప్రభువు నిన్ను ఏ రోజున పిలిచాడో చెప్పగలవా?" అని పాస్టరుగారు నెమ్మదిగా అడిగారు. ఆయన టోర్మోద్ కంటే ముప్ఫై ఏళ్ళు చిన్న.

"చెప్పలేనయ్యగారూ. పిలిచాడో లేదో తెలీదు. నేను ఆయన్ని అన్న మాట మాత్రం తెలుసు."

"ఏమన్నావు?"

టోర్మోద్ టోపీ అంచు వేళ్ళతో చుట్టూ తిప్పాడు. "నువ్వు లేవు అన్నాను. మా పిల్ల పోయిన రోజు. గట్టిగానే అన్నాను. ఆవు బెదిరింది."

పెద్దలలో ఒకాయన దగ్గాడు. ఫిన్లే కిందికి చూస్తున్నాడు.

"తర్వాత ఏం చేశావు?" అన్నారు పాస్టరుగారు.

"ఏం చేస్తాను. మర్నాడు శనివారం. వచ్చి పొయ్యి రాజేశాను."

"లేడనుకున్నాక ఎందుకొచ్చావు?"

టోర్మోద్‌కి మొదటిసారి కోపం వచ్చింది. ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న విషయం తెలియకపోవడం ఏమిటన్నట్టు చూశాడు. "ఇంకెక్కడికి పోతానయ్యగారూ? నాకు ఇంకెవరున్నారు?"

పొయ్యిలో పీటుగడ్డ విరిగిన చప్పుడు వినపడింది. పాస్టరుగారు ఫిన్లే వైపు చూసి తల ఊపారు. ఫిన్లే లేచి, చెక్కపెట్టె మూత తీసి, ఒక బిళ్ళ తీసుకొచ్చి టోర్మోద్ అరచేతిలో పెట్టాడు. "ఈ మాట చెప్పడానికి ముప్ఫై ఏళ్ళు పట్టిందిరా నీకు," అన్నాడు.

వేలి గోరంత చదరపు బిళ్ళ. దాని మీద రాసి ఉన్న సంవత్సరం అరిగిపోయి చేతికి తెలియడం లేదు. టోర్మోద్ దాన్ని గుప్పిట్లో పెట్టుకొని, జేబులో కూడా వేయకుండా, ఎదురుగాలిలో ఇంటిదాకా నడిచాడు. సంతోషమని చెప్పడానికి లేదు. ఇచ్చేశారే అని బెదురుగా ఉంది.

ఎఫీ మూసిన కళ్ళు తెరిచింది. అతను బిళ్ళను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చాలాసేపు వేళ్ళతో తడిమింది.

"వెచ్చగా ఉంది," అంది.

"నడిచొచ్చాను కదా."

"కాసేపు నా దగ్గర ఉండనీ. నువ్వు నీళ్ళు తెచ్చుకో, పొద్దు పోతోంది."

బావి రెండు పొలాల అవతల. మొదటిసారి రెండు బకెట్లు తెచ్చి పోశాడు. రెండోసారి తెచ్చేసరికి కెర్స్టీ మంచం పక్కన నిలబడి ఉంది. అల్లిక నేల మీద పడి ఉంది. ఆమె పక్కకు తప్పుకుంది. ఎఫీ నిద్రపోతున్నట్టే ఉంది. ఛాతీ మాత్రం కదలడం లేదు. బకెట్లు కింద పెట్టాలని టోర్మోద్‌కి తోచలేదు. తొణికిన నీళ్ళు బూట్లలోకి కారుతున్నా అలాగే నిలబడ్డాడు.

"ఏమీ బాధపడలేదు," అంది కెర్స్టీ. "నీళ్ళు తెచ్చాడా అని అడిగింది. తెస్తున్నాడన్నాను. అంతే."

బకెట్లు ఆమే అందుకుని కింద పెట్టింది. కళ్ళు తుడుచుకొని, అనకూడని మాట అంటున్నట్టు మెల్లగా అంది. "ఆ బిళ్ళ తీసుకో టోర్మోద్. వేళ్ళు బిగుసుకోకముందే తీసుకో. అది లేకపోతే రేపు కూర్చోనివ్వరు."

టోర్మోద్ మంచం అంచున కూర్చొని ఎఫీ గుప్పిటను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక వేలు ఎత్తాడు. లోపల సీసం అంచు కనపడింది. ఆ వేలిని మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

"ఉండనీ," అన్నాడు. "పిల్లకి చూపించుకుంటుంది."

ఫిన్లే వచ్చి పేటికకి కొలత తీసుకొని వెళ్ళాడు. అర్ధరాత్రి దాటి విశ్రాంతి దినం మొదలయ్యాక రంపం పట్టకూడదు కాబట్టి అతని కొట్టంలోంచి చప్పుడు ఎడతెగకుండా వినపడింది. ఎఫీని పేటికలో పడుకోబెట్టేటప్పుడు ఫిన్లే ఆ గుప్పిట చూశాడు. మూత వేసే ముందు ఆమె చెయ్యి సర్ది, టోర్మోద్ వైపు చూసి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున ఎఫీ దగ్గర కెర్స్టీని ఉంచి టోర్మోద్ చర్చి తలుపులు తీశాడు. అది తను కాక ఇంకెవరు తీస్తారు? వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే అతని చెయ్యి పట్టుకొని లోపలికి వెళ్ళారు. ఎవరూ ఓదార్పు మాటలు చెప్పలేదు, అతనూ ఎదురుచూడలేదు. పాట ఎత్తేవాడు కీర్తన ఒక్కో పాదం అందించాడు. జనం దాన్ని సాగదీసి, ఎక్కడా తెగకుండా పాడుతుండగా, బల్లకు వచ్చేవాళ్ళు లేచి ముందుకు నడవడం మొదలుపెట్టారు. టోర్మోద్ తలుపు దగ్గర నుంచి చూశాడు. ఎఫీ ఎప్పుడూ ఆ ముందు వరసలో కిటికీ పక్కన కూర్చునేది. ఆ చోటు ఎవరూ తీసుకోలేదు.

టోర్మోద్ వెళ్ళి ఆ చోట్లో కూర్చున్నాడు.

ఫిన్లే వరస వెంట బిళ్ళలు తీసుకుంటూ వస్తున్నాడు. చాచిన అరచేతిలో ఒక్కొక్కటే పడుతున్నాయి. బొటనవేలి కింద కొత్తగా రంపం కోసిన గాటు ఉంది. ఆ చెయ్యి వచ్చి టోర్మోద్ ముందు ఆగింది.

"నా దగ్గర లేదు," అన్నాడు టోర్మోద్, పెదవులు మాత్రం కదిపి. లేవమంటే లేచిపోవడానికి సిద్ధంగా బల్ల అంచు పట్టుకున్నాడు.

ఫిన్లే తన రెండో చేతిని టోర్మోద్ ఖాళీ అరచేతిలో పెట్టి ఒక్కసారి గట్టిగా నొక్కాడు. ఏదో అందుకున్నట్టే వేళ్ళు ముడుచుకొని పక్క మనిషి దగ్గరికి జరిగాడు.

రొట్టె వచ్చింది. గొంతు దిగదనుకున్నది, పొడిగానే అయినా దిగింది. ఎఫీ చెప్పే నెమ్మది అతనికి రాలేదు. ప్రభువు ఏ రోజున పిలిచాడో ఇప్పటికీ తెలీదు. ఇంటికెళ్తే పొయ్యి పక్కన పేటిక ఉంటుంది, రేపు దాన్ని మోసుకెళ్తారు, ఆ తర్వాత ఇంట్లో మాట్లాడటానికి మనిషి ఉండదు. వాటిలో దేన్నీ అతను ఆపలేడు. కానీ నాన్నేడీ అని పిల్ల అడిగితే ఎఫీ ఏం చెబుతుందో అతనికి తెలుసు. ఆ ఒక్కటీ అతను నమ్మాడు, పూర్తిగా నమ్మాడు. నమ్మగానే ఏడుపొచ్చింది.

రుమాలు కోసం ఆదివారపు కోటు జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్ళకి కాగితం తగిలింది. పెద్ద ప్రసంగం ఉన్న ఆదివారాల్లో ఎఫీ అతని జేబులో పిప్పరమెంటు వేసి పంపేది. మంచం పట్టాక వసంతం నుంచీ ఆ సంగతి ఇద్దరూ మర్చిపోయారు. నిన్న మధ్యాహ్నం, అతను ఇంకా పెద్దల గదిలో నిలబడి ఉన్నప్పుడే, ఎఫీ కెర్స్టీ చేత ఈ కోటు దులిపించి వేయించి ఉంటుంది. చక్కెర పొట్లం నుంచి చింపిన నీలం కాగితం, రెండు చివరలూ మెలితిప్పి, లోపల ఒకే ఒక్క తెల్లటి పిప్పరమెంటు.